లివర్‌లో గడ్డ ఉందని స్కాన్ రిపోర్ట్.. కిడ్నీలు వీక్, డై ఎక్కించి సీటీ తీయలేమన్నారా? ఈ గ్యాస్ బుడగల పరీక్ష గురించి తెలుసా!

ఎల్లారెడ్డి పక్కన ఓ ఊళ్లో 62 ఏళ్ల రైతు ఉన్నాడనుకుందాం. పదిహేనేళ్లుగా షుగర్. నెల రోజుల నుంచి పొట్ట పైభాగంలో ఒకటే మంట, తిన్నది అరగట్లేదు. గ్యాస్ పట్టిందని ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీలు వాడాడు, తగ్గలేదు. కొడుకు బండి మీద ఎక్కించుకుని కామారెడ్డికి తీసుకొచ్చి స్కానింగ్ తీయించాడు. రాళ్లు లేవు, వాపు లేదు. కానీ రిపోర్ట్ చివర్లో ఒక లైన్ ఉంది. లివర్ కుడివైపు 2.8 సెంటీమీటర్ల లీజన్, కాంట్రాస్ట్ సీటీతో నిర్ధారించుకోవాలి అని.

లీజన్ అంటే ఏంటో కొడుకు ఫోన్‌లో వెతికాడు. ఫోన్ ఏం చూపిస్తుందో చెప్పక్కర్లేదు కదా. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు.

తెల్లారి హైదరాబాద్ ప్రయాణం. సీటీ తీసే ముందు రక్త పరీక్ష చేస్తే క్రియాటినిన్ 2.6 వచ్చింది. "కిడ్నీలు ఇప్పటికే దెబ్బతిని ఉన్నాయి, డై ఎక్కిస్తే ఇంకా పాడయ్యే రిస్క్ ఉంది, ముందు కిడ్నీ డాక్టర్‌ను కలవండి" అన్నారు. అంటే గడ్డ ఏంటో తెలియాలంటే డై కావాలి. డై ఎక్కించాలంటే కిడ్నీలు బాగుండాలి. మధ్యలో ఆ కుటుంబం జేబీఎస్‌కు, ఆస్పత్రికి మధ్య తిరుగుతూ ఉంటుంది.

ఇదిగో సరిగ్గా ఇలాంటి చోట పనికొచ్చే పరీక్ష ఒకటుంది. పేరు కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్. ఇందులో ఎక్కించేది అయోడిన్ డై కాదు.. గ్యాస్ నింపిన అతి చిన్న బుడగలు. వీటినే మైక్రోబబుల్స్ అంటారు. కిడ్నీలతో వీటికి పనే లేదు. చాలా దేశాల్లో ఇరవై ఏళ్లకు పైగా వాడుతున్నారు. మన దగ్గర మాత్రం ఈ పేరు విన్నవాళ్లు తక్కువ.

ముందు ఒక మాట. లీజన్ అంటే క్యాన్సర్ అని కాదు. చుట్టూ ఉన్న భాగం కంటే వేరుగా కనిపిస్తున్న చోటు అని మాత్రమే. లివర్‌లో కనిపించే గడ్డల్లో మామూలు నీటి తిత్తులు ఉంటాయి, రక్తనాళాల ముద్ద లాంటి హిమాంజియోమాలు ఉంటాయి, కొవ్వు ఒకచోట ఎక్కువ తక్కువ పేరుకున్న ప్రాంతాలు కూడా గడ్డలాగే కనిపిస్తాయి. వీటిలో ఏదీ ప్రాణం మీదకు తెచ్చేది కాదు. సమస్యల్లా ఏంటంటే, మామూలు స్కానింగ్‌లో ఇవీ, అసలైన క్యాన్సర్ గడ్డలూ కొన్నిసార్లు ఒకేలా కనిపిస్తాయి. అందుకే రేడియాలజిస్ట్ ఆ చివరి లైన్ రాస్తారు. తప్పించుకోవడానికి కాదు, నిజంగానే ఆ బొమ్మలో అంతకు మించి కనిపించదు కాబట్టి.

స్కానింగ్‌లో రక్తం ఎందుకు కనపడదు?

అల్ట్రాసౌండ్ అంటే శబ్దం. మన చెవికి వినిపించనంత సన్నటి శబ్దాన్ని మిషన్ లోపలికి పంపుతుంది, అది తగిలి వెనక్కి వచ్చే ప్రతిధ్వనితో బొమ్మ గీస్తుంది. కొండ దగ్గర నిలబడి అరిస్తే మన గొంతే మనకు తిరిగి వినిపిస్తుంది కదా, అదే లెక్క. గట్టిగా తేడా ఉన్నచోట ప్రతిధ్వని బాగా వస్తుంది. రక్తం మాత్రం దాదాపు నీళ్లలాగే శబ్దాన్ని వెళ్లనిచ్చేస్తుంది. అందుకే స్కాన్ తెరమీద రక్తనాళాలు నల్లటి గీతల్లా కనిపిస్తాయి. డాప్లర్ పెడితే పెద్ద నాళాల్లో ప్రవాహం ఎరుపు, నీలం రంగుల్లో తెలుస్తుంది. కానీ గడ్డ లోపల వెంట్రుక కంటే సన్నగా ఉండే నాళాల్లో మెల్లగా పాకే రక్తం డాప్లర్‌కు దొరకదు. గడ్డ మంచిదా చెడ్డదా అన్న గుట్టు మాత్రం అక్కడే ఉంటుంది.

ఇప్పుడు ఆ రక్తంలోకి గ్యాస్ బుడగలు వదిలితే? గ్యాస్‌కు, నీటికి మధ్య ఉన్నంత తేడా శరీరంలో ఇంకెక్కడా ఉండదు. శబ్దం తగలగానే బుడగ గట్టిగా బదులిస్తుంది. అంతే కాదు, బుడగ ఊరికే అడ్డుగోడలా నిలబడదు. శబ్దం నొక్కినప్పుడు ముడుచుకుంటుంది, వదిలినప్పుడు ఉబ్బుతుంది. సెకనుకు లక్షల సార్లు ఇలా జరుగుతుంది. తనే ఒక చిన్న గంటలా మోగుతుందన్నమాట.

బుడగ మోగడం అనేది కొత్త సంగతేం కాదు. బిందెలో నీళ్లు పడుతుంటే వచ్చే చప్పుడు, నిజాంసాగర్ గేట్లు ఎత్తినప్పుడు కిలోమీటర్ దాకా వినిపించే హోరు.. ఈ రెండింట్లోనూ మోగేది ఎక్కువగా నీళ్లలో చిక్కుకున్న గాలి బుడగలే. ఎంత సైజు బుడగ ఏ స్వరంలో మోగుతుందో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త మిన్నార్ట్ 1933లోనే లెక్కకట్టి చెప్పాడు. బుడగ పెద్దదైతే బొంగురు గొంతు, చిన్నదైతే కీచు గొంతు. ఆ లెక్కను రెండు మూడు మైక్రాన్ల బుడగ దాకా తీసుకెళ్తే ఏమవుతుందో తెలుసా? అది మోగే స్వరం సరిగ్గా స్కానింగ్ మిషన్ వాడే శబ్దం దగ్గరికే వస్తుంది. ఇదెవరూ ప్లాన్ చేసింది కాదు. రక్తంలో తిరగగలిగే సైజు, స్కాన్ మిషన్‌కు వినిపించే సైజు ఒక్కటే కావడం అదృష్టం అనుకోవాల్సిందే.

ఇంకో మెలిక కూడా ఉంది. బుడగ ఉబ్బినంత సులువుగా ముడుచుకోదు. దాంతో తనకు వచ్చిన స్వరంతో పాటు దానికి రెట్టింపు స్వరాన్ని కూడా కలిపి పంపిస్తుంది. లివర్ కండ అలా చెయ్యదు, చేసినా చాలా తక్కువ. మిషన్‌లో ఉన్న ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కండ నుంచి వచ్చే ప్రతిధ్వనిని తీసేసి, బుడగల స్వరం మాత్రమే తెరమీద చూపిస్తుంది. ఫలితంగా నల్లటి తెరమీద రక్తం ఎక్కడెక్కడికి చేరుతోందో అక్కడక్కడా వెలుగు పరుచుకుంటుంది, లైవ్‌లో.

సీసాలో ఏముంటుంది?

యూరప్‌లో 2001లో అనుమతి పొందిన సోనోవ్యూ అనే మందునే తీసుకుందాం. ఇటలీకి చెందిన బ్రాకో కంపెనీది. సీసాలో తెల్లటి పొడి, దాని చుట్టూ గ్యాస్ నింపి ఉంటుంది. అందులోకి 5 మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కించి 20 సెకన్లు గట్టిగా ఊపితే పాలలా తెల్లగా మారుతుంది. ఆ పాలలో ఉన్నవన్నీ బుడగలే, ఒక్కో మిల్లీలీటర్‌లో కోట్ల సంఖ్యలో. సగటు సైజు 2.5 మైక్రాన్లు. మన ఎర్ర రక్తకణం ఏడెనిమిది మైక్రాన్లు ఉంటుంది కాబట్టి, ఎర్రకణం దూరిన ప్రతి సందులోకీ ఇవి దూరిపోతాయి. అదే సమయంలో నాళాల గోడలు దాటి బయటకు మాత్రం పోవు. సీటీ డై, ఎంఆర్ఐ మందు నాళాల నుంచి బయటకు కారి కండలోకి కూడా చేరతాయి. బుడగలు రక్తంలోనే ఉంటాయి. అందుకే ఇవి చూపించేది పక్కాగా రక్త ప్రవాహమే.

లోపలి గ్యాస్ పేరు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్. పేరు భయంగా ఉన్నా కరెంటోళ్లకు ఇది బాగా తెలుసు. సబ్‌స్టేషన్లలో పెద్ద బ్రేకర్లలో మెరుపు రాకుండా నింపే గ్యాస్ ఇదే, ఎస్‌ఎఫ్ సిక్స్ అంటారు. మామూలు గాలి నింపొచ్చు కదా అంటే, మొదట్లో అదే చేశారు. గాలి రక్తంలో ఇట్టే కరిగిపోయేది. ఇంత చిన్న బుడగ మీద ఉపరితల ఒత్తిడి చాలా ఎక్కువ, లోపలి గ్యాస్‌ను బయటకు పిండేస్తుంది. కరగని బరువైన గ్యాస్ నింపి, చుట్టూ ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థంతో సన్నటి పొర కట్టాకే బుడగ కొన్ని నిమిషాలు బతకడం మొదలైంది.

అసలు ఈ కథ మొదలైందే అనుకోకుండా. అమెరికాలోని రోచెస్టర్‌లో రేమండ్ గ్రామియాక్, ప్రవీణ్ షా అనే ఇద్దరు డాక్టర్లు గుండె నుంచి వచ్చే పెద్ద ధమనిని అల్ట్రాసౌండ్‌తో చూస్తూ ఒక రంగు మందు ఎక్కించారు. ఎక్కించిన ప్రతిసారీ తెరమీద మబ్బులా తెల్లగా కమ్ముకుంది. ఆ మబ్బు మందుది కాదు, మందుతో పాటు పుట్టిన చిన్న బుడగలది. 1968లో దాన్ని ప్రచురించారు. అక్కడి నుంచి మందుల షాపులో దొరికే సీసా దాకా రావడానికి పాతికేళ్లు పట్టింది. అమెరికాలో ఎఫ్‌డీఏ మొదటి బుడగల మందు అల్బునెక్స్‌కు 1994లో అనుమతి ఇచ్చింది. అందులో గాలే, పైపొర మాత్రం మనిషి రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్‌ది. సోనోవ్యూను అమెరికాలో లుమాసన్ పేరుతో 2014లో గుండె పరీక్షలకు, 2016లో లివర్ గడ్డలకు అనుమతించారు.

గడ్డ తన గుట్టు ఎలా బయటపెడుతుంది?

అసలు విషయం ఇక్కడుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే రిపోర్ట్ చదివేటప్పుడు సగం భయం పోతుంది.

లివర్‌కు రెండు దారుల్లో రక్తం వస్తుంది. ఒకటి గుండె నుంచి నేరుగా వచ్చే ధమని. రెండోది పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర. మామూలు లివర్ కండకు ఎక్కువ రక్తం ఈ రెండో దారిలోనే వస్తుంది. లివర్‌లో పుట్టే క్యాన్సర్ గడ్డ అలా కాదు, ధమని నుంచి తనకంటూ సొంత లైన్లు లాక్కుంటుంది. పొలాల్లో అందరికీ కాలువ నీళ్లు వస్తుంటే ఒకడు మెయిన్ పైపుకే కన్నం పెట్టుకున్నట్టు.

చెయ్యి సిరలోకి బుడగలు ఎక్కించగానే స్టాప్‌వాచ్ నొక్కుతారు. 10 నుంచి 20 సెకన్లలో ధమని దారిలో బుడగలు లివర్‌కు చేరతాయి. అర నిమిషం దాటాక పోర్టల్ సిర దారిలో వచ్చేవి మొదలవుతాయి. రెండు నిమిషాల తర్వాత చివరి దశ, బుడగలు అయిపోయేదాకా నాలుగు నుంచి ఆరు నిమిషాలు చూస్తారు. డాక్టర్ ప్రోబ్‌ను కదపకుండా గడ్డ మీదే పెట్టి రికార్డ్ చేస్తుంటారు.

హిమాంజియోమా అయితే ముందు అంచుల్లో అక్కడక్కడా ముద్దలుగా వెలుగుతుంది. తర్వాత మెల్లగా అంచు నుంచి మధ్యలోకి నిండుకుంటూ వస్తుంది. చివరి దాకా వెలుగుతూనే ఉంటుంది. కొవ్వు తేడా వల్ల కనిపించిన మచ్చ అయితే చుట్టూ ఉన్న లివర్‌తో కలిసి వెలుగుతుంది, ఏది మచ్చో ఏది లివరో తెలియకుండా పోతుంది. నీటి తిత్తిలో రక్తమే ఉండదు కాబట్టి నల్లగానే ఉండిపోతుంది.

క్యాన్సర్ గడ్డ తీరు వేరు. లివర్‌లోనే పుట్టిన క్యాన్సర్ చాలాసార్లు మొదటి అర నిమిషంలో చుట్టుపక్కల కంటే ముందే భగ్గున వెలుగుతుంది, తర్వాత మెల్లగా వెలుగు తగ్గి చుట్టూ ఉన్న లివర్ కంటే నల్లబడుతుంది. దీన్ని డాక్టర్లు వాషవుట్ అంటారు. పేగు నుంచో, రొమ్ము నుంచో లివర్‌కు పాకిన క్యాన్సర్ అయితే ఈ వాషవుట్ ఒక నిమిషంలోపే, గట్టిగా వస్తుంది. చివరి దశలో లివర్ అంతా వెలుగుతుంటే ఆ గడ్డలు మాత్రం బట్ట మీద పడ్డ రంధ్రాల్లా నల్లగా కనిపిస్తాయి.

జర్మనీలో 14 ఆస్పత్రులు కలిసి 1,349 మంది మీద చేసిన అధ్యయనంలో ఈ పద్ధతి గడ్డ ఏ రకమో 90.3 శాతం కేసుల్లో సరిగ్గా చెప్పగలిగింది. వాళ్లందరూ మామూలు స్కానింగ్‌లో తేలని గడ్డలున్నవాళ్లే. బ్రిటన్‌లో ఏ పరీక్షకు ప్రభుత్వం డబ్బులు పెట్టాలో చెప్పే సంస్థ నైస్ 2012లోనే దీన్ని లివర్ గడ్డలకు సిఫారసు చేసింది. ఒకే రోజు, ఒకే బల్ల మీద జవాబు దొరికితే పేషెంట్‌ను మళ్లీ మళ్లీ తిప్పక్కర్లేదన్నది వాళ్ల కారణాల్లో ఒకటి. ఎల్లారెడ్డి నుంచి మెదక్ మీదుగానో, కామారెడ్డి మీదుగానో హైదరాబాద్ పోయి రావాల్సిన వాళ్లకు ఈ కారణం లండన్ వాళ్ల కంటే బాగా అర్థమవుతుంది.

మిగతా పది శాతం మాట కూడా చెప్పుకోవాలి. కొన్ని గడ్డలు ఈ పరీక్షలోనూ తేలవు, అప్పుడు ముక్క తీసి పరీక్ష చేయాల్సిందే. ఒకసారి ఎక్కించిన బుడగలతో ఒకటి రెండు గడ్డలను మాత్రమే బాగా చూడగలరు. లివర్ మొత్తం జల్లెడ పట్టడానికి, క్యాన్సర్ ఎంత దూరం పాకిందో తెలుసుకోవడానికి సీటీ, ఎంఆర్ఐ అవసరం అలాగే ఉంటుంది. పొట్టలో గ్యాస్ ఎక్కువున్నా, మనిషి బాగా లావుగా ఉన్నా, గడ్డ డయాఫ్రమ్ కింద లోపలికి దాక్కున్నా స్కానింగ్‌లో కనపడనిది బుడగలు ఎక్కించినా కనపడదు.

"నరంలోకి గాలి పోతే ప్రాణం పోతుందట కదా?"

ఈ ప్రశ్న ఖాయంగా వస్తుంది. సినిమాల్లో విలన్ ఖాళీ సిరంజీతో ఐసీయూలోకి రావడం చూసి చూసి మనకు ఆ భయం బలంగా పడిపోయింది. లెక్క చూస్తే పోతుంది. సోనోవ్యూ లివర్ డోస్ 2.4 మిల్లీలీటర్లు. ఒక్కో మిల్లీలీటర్‌లో గ్యాస్ 8 మైక్రోలీటర్లు. మొత్తం కలిపితే 20 మైక్రోలీటర్లు కూడా ఉండదు, అంటే ఒక నీటి బొట్టులో సగం కంటే తక్కువ. పెద్దవాళ్లకు ప్రాణాపాయం అయ్యే గాలి 200 మిల్లీలీటర్ల పైమాటే అని వైద్య పుస్తకాలు చెబుతాయి. పైగా ఇక్కడ గాలి ఒక్క పెద్ద బుడగగా పోదు. రక్తకణం కంటే చిన్న ముక్కలుగా పోతుంది, ఎక్కడా అడ్డుపడదు.

బుడగ పగిలాక గ్యాస్ ఎటు పోతుంది? ఊపిరిలో బయటకు పోతుంది. ఎక్కించిన రెండు నిమిషాల్లో 80 శాతానికి పైగా, పావు గంటలో దాదాపు మొత్తం. పైపొర కొవ్వును శరీరమే మామూలు కొవ్వులా వాడేసుకుంటుంది. కిడ్నీలు వడకట్టి బయటకు పంపాల్సిన పనే లేదు. క్రియాటినిన్ ఎంతున్నా, డయాలసిస్ చేయించుకుంటున్నా ఈ పరీక్షకు అది అడ్డు కాదు. రేడియేషన్ కూడా లేదు.

అలాగని సైడ్ ఎఫెక్టులు అసలే లేవని ఎవరైనా చెబితే నమ్మకండి. 2007 అక్టోబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందుల మీద నల్ల బాక్స్ హెచ్చరిక పెట్టింది. ఇంజెక్షన్ తర్వాత కొద్దిసేపట్లోనే కొందరు గుండె రోగులు చనిపోయారన్న రిపోర్టులే కారణం. వాళ్లలో చాలామంది అప్పటికే తీవ్రంగా జబ్బుపడి ఉన్నవాళ్లని, మందుకే ముడిపెట్టలేమని గుండె డాక్టర్లు వాదించారు. 2008లో ఎఫ్‌డీఏ ఆంక్షలు చాలావరకు సడలించింది. ఇటలీలో పొట్ట పరీక్షల కోసం ఈ మందు ఎక్కించిన 23,188 కేసులను లెక్కతీస్తే తీవ్రమైన రియాక్షన్ వచ్చింది ఇద్దరికి, చనిపోయినవాళ్లు లేరు. తర్వాత 2021లో పాలిఇథిలిన్ గ్లైకాల్ అనే పదార్థం పడనివాళ్లకు వీటితో అలర్జీ రావొచ్చని ఎఫ్‌డీఏ మరో హెచ్చరిక చేర్చింది. విరేచనాల పొడి లాంటి కొన్ని మందుల్లో కూడా ఈ పదార్థం ఉంటుంది. అవి వాడినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు వచ్చినవాళ్లు ముందే చెప్పాలి. ఛాతీ నొప్పితో గుండె పరిస్థితి నిలకడగా లేనివాళ్లు, ఊపిరితిత్తుల్లో బీపీ బాగా ఎక్కువున్నవాళ్లు, గర్భిణులు.. వీళ్ల విషయంలో డాక్టర్ నిర్ణయమే ఫైనల్. ఎక్కడ చేసినా పక్కనే ఎమర్జెన్సీ మందుల ట్రాలీ ఉండాలి. అది లేని గదిలో ఈ ఇంజెక్షన్ చేయించుకోవద్దు.

ఇక్కడే ఇంకోటి. సీటీ డై అంటేనే కిడ్నీలు పోతాయన్న భయం కూడా అవసరం లేదు. కిడ్నీలు మోస్తరుగా పనిచేస్తున్నవాళ్లలో ఆ రిస్క్ గతంలో అనుకున్నంత లేదని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. ఎంఆర్ఐ మందుల్లోనూ కొత్త రకాలు మెరుగయ్యాయి. కిడ్నీలు బాగా దెబ్బతిన్న మన రైతులాంటి వాళ్ల దగ్గరే అసలు చిక్కంతా.

గుండెకు మాత్రం చవక బుడగలు

బుడగల పరీక్ష అంటే ఖరీదైన సీసానే కావాలని లేదు. గుండె డాక్టర్లు దశాబ్దాలుగా చేస్తున్న ఓ పరీక్షకు కావాల్సింది రెండు సిరంజీలు, వాటి మధ్య ఒక త్రీ వే, 9 మిల్లీలీటర్ల సెలైన్, ఒక మిల్లీలీటర్ గాలి. ఆ సిరంజీ నుంచి ఈ సిరంజీకి, ఈ సిరంజీ నుంచి ఆ సిరంజీకి చకచకా పదిసార్లు తోస్తే సెలైన్ నురగలా మారుతుంది. దాన్ని వెంటనే సిరలోకి ఎక్కించి ఎకో తీస్తారు. బబుల్ స్టడీ అంటారు.

ఈ బుడగలు పెద్దవి, మోటువి. గుండె కుడివైపు గదుల్లోకి వచ్చి, ఊపిరితిత్తుల్లోకి వెళ్లి అక్కడే వడకట్టుకుపోతాయి. ఎడమవైపు గదుల్లో కనిపించకూడదు. కనిపించాయంటే రెండు వైపుల మధ్య ఎక్కడో కన్నం ఉన్నట్టు. బీపీ, షుగర్ ఏమీ లేని 35 ఏళ్ల మనిషికి ఉన్నట్టుండి పక్షవాతం వస్తే కారణం కొన్నిసార్లు ఈ కన్నమే అవుతుంది. రెండు సిరంజీలతో అది బయటపడుతుంది. ఇంత సింపుల్ పరీక్షకు ఇంత విలువ ఉండటం వైద్యంలో అరుదు.

సోనోవ్యూ లాంటి మందు ఊపిరితిత్తులు దాటి ఎడమవైపు కూడా చేరుతుంది. లావుగా ఉన్నవాళ్లలో, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లలో ఎకో బొమ్మ మసకగా వస్తే దీన్ని ఎక్కించి గుండె గోడల అంచులు స్పష్టంగా చూస్తారు. చిన్నపిల్లల్లో మూత్రం వెనక్కి కిడ్నీల్లోకి పోతుందా అని చూడ్డానికి కూడా వాడతారు. అక్కడ నరంలోకి కాదు, ట్యూబుతో మూత్రాశయంలోకే ఎక్కిస్తారు. అదే పరీక్ష ఎక్స్‌రేతో చేస్తే పసిపిల్లల మీద రేడియేషన్ పడుతుంది, ఇందులో పడదు.

మరి ఊరూరా స్కానింగ్ సెంటర్లు ఉన్నాయిగా, అక్కడెందుకు చేయరు?

స్కానింగ్ అనగానే మన దగ్గర గుర్తొచ్చేది గర్భిణులు, గోడ మీద 'ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు' అన్న బోర్డు. 1994 చట్టం ప్రకారం మిషన్ ఉన్న ప్రతి చోటూ రిజిస్టర్ కావాలి కాబట్టి ఆ బోర్డు తప్పనిసరి. అంటే మిషన్లకు కొదవ లేదు. కానీ అన్ని మిషన్లూ బుడగల స్వరం వినలేవు. దానికి కాంట్రాస్ట్ సాఫ్ట్‌వేర్ ఉండాలి, శబ్దాన్ని చాలా తక్కువ బలంతో పంపగలగాలి. మామూలు బలంతో పంపితే బుడగలు అక్కడికక్కడే పగిలిపోతాయి. చిన్న సెంటర్లలో ఉండే సాదా మిషన్లకు ఆ సదుపాయం తక్కువ. పై స్థాయి మిషన్లలో చాలావాటికి అది పెట్టించుకునే వీలుంటుంది. 2022 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం 44 ఆస్పత్రుల్లో 56 టిఫా స్కానింగ్ మిషన్లు ప్రారంభించింది. కడుపులో బిడ్డ అవయవాలను వివరంగా చూడ్డానికి తెచ్చిన మిషన్లవి. ఖరీదైన మిషన్ జిల్లాకు రాదు అనే రోజులైతే పోయాయి.

రెండోది సీసా. బయటి దేశం నుంచి రావాల్సిన మందు. పొడి రూపంలో ఫ్రిజ్ లేకుండానే నిల్వ ఉంటుంది, అది మంచి విషయమే. కానీ సెలైన్ కలిపాక ఆరు గంటల్లో వాడేయాలి. నెలకు ఇద్దరు ముగ్గురు పేషెంట్లు వచ్చే చోట ఎవరూ తెప్పించి పెట్టుకోరు. తెప్పించి పెట్టుకోరు కాబట్టి డాక్టర్లు రాయరు, రాయరు కాబట్టి పేషెంట్లు రారు.

మూడోది మనిషి. నిజానికి ఇదే పెద్ద సమస్య. సీటీ తీసి ఫిల్మ్ ఎక్కడికైనా పంపొచ్చు, హైదరాబాద్‌లో కూర్చున్న డాక్టర్ రిపోర్ట్ రాయొచ్చు. బుడగల పరీక్షలో ఆ ఐదు నిమిషాలూ ప్రోబ్ పట్టుకున్న చెయ్యే ముఖ్యం. మొదటి అర నిమిషంలో ప్రోబ్ జారిందంటే ఆ దశ మళ్లీ రాదు, ఇంకో డోస్ ఎక్కించాల్సిందే. వందల కేసులు చేస్తే గానీ ఆ చెయ్యి కుదరదు. ఆ చేతులు ఎక్కడ తయారవుతాయంటే మెడికల్ కాలేజీల్లోనే. 2023 సెప్టెంబర్ 15న ఒకేరోజు ప్రారంభమైన తొమ్మిది ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో కామారెడ్డి ఒకటి. జిల్లాలో ఇలాంటి పరీక్ష ఎప్పటికైనా పాతుకుపోవాలంటే ప్రైవేట్ సెంటర్ల కంటే ముందు అలాంటి చోటే మొదలవ్వాలి. మిషన్ కొన్నంత ఈజీగా రేడియాలజీ టీచర్లు దొరకరు అన్నది వేరే సంగతి.

ఇంకా ముందుకెళ్తే, ఇవే బుడగలను మందు మోసే బండ్లుగా వాడే ప్రయోగాలు నడుస్తున్నాయి. మెదడుకు రక్తం నుంచి మందులు చేరకుండా ఒక గట్టి కాపలా ఉంటుంది. బుడగలు ఎక్కించి, బయటి నుంచి శబ్దాన్ని ఒక్క చోటే గురిపెడితే ఆ కాపలా కొన్ని గంటల పాటు తెరుచుకుంటుంది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో ముగ్గురు అల్జీమర్స్ పేషెంట్లకు ఇలా మందు పంపించిన ఫలితాలు 2024 జనవరిలో వచ్చాయి. ముగ్గురంటే ముగ్గురే. రేపే ఆస్పత్రికి వచ్చేస్తుందని వాట్సాప్‌లో ఎవరైనా పంపితే ఫార్వర్డ్ చేయకండి.

ఇప్పటికిప్పుడు ఏం చేయొచ్చు?

లివర్‌లో లీజన్ అని రిపోర్ట్ వచ్చినవాళ్లు హైదరాబాద్ బస్ ఎక్కే ముందే లోకల్‌గా క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, ఆ కాగితం వెంట తీసుకెళ్తే ఒక ట్రిప్పు మిగులుతుంది. పాత స్కాన్ రిపోర్టులు ఏవున్నా పట్టుకెళ్లాలి. ఐదేళ్ల కింద కూడా అదే గడ్డ అదే సైజులో ఉందని తేలితే డాక్టర్ ఆలోచనే మారిపోతుంది. హెపటైటిస్ బి, సి ఉన్నవాళ్లు, మందు తాగే అలవాటున్నవాళ్లు, లివర్ గట్టిపడిందని ఇంతకుముందే చెప్పించుకున్నవాళ్లు ఆ సంగతి దాచకూడదు. వాళ్లలో గడ్డ అంటే లెక్క వేరు, ఆలస్యం చేయడానికి లేదు.

కిడ్నీల వల్ల డై కుదరదన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. "సార్, కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ కుదురుతుందా, మీ దగ్గర చేస్తారా?" అన్ని పెద్ద ఆస్పత్రుల్లోనూ ఉండదు, ఉన్నా మందు స్టాక్ లేకపోవచ్చు. అందుకే బయల్దేరే ముందే రేడియాలజీ విభాగానికి ఫోన్ చేసి, మందు ఉందా, ఏ రోజు చేస్తారు, సీసాతో కలిపి ఎంతవుతుంది అని కనుక్కోవాలి. స్కీమ్‌లో కవర్ అవుతుందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి.

పరీక్ష గదిలో పెద్ద హంగామా ఏం ఉండదు. మోచేతి దగ్గర ఒక క్యాన్యులా పెడతారు. తెల్లటి మందు ఎక్కించి, వెంటనే సెలైన్ తోస్తారు. ఊపిరి మెల్లగా తీసుకోమంటారు. ఐదారు నిమిషాలు గది లైట్లు తీసేసి తెరవైపు చూస్తుంటారు. తర్వాత రియాక్షన్ ఏమైనా వస్తుందేమోనని అర గంట కూర్చోబెడతారు.

మన రైతు గడ్డ అంచుల నుంచి ముద్దలుగా వెలిగి, మెల్లగా మధ్యదాకా నిండి, చివరి వరకూ అలాగే ఉందనుకోండి. అది హిమాంజియోమా, లివర్‌లో అన్నింటికంటే ఎక్కువగా కనిపించే మామూలు గడ్డ. దానికి ఆపరేషన్ అక్కర్లేదు, మందులక్కర్లేదు. డాక్టర్ మళ్లీ చూద్దామంటే ఆ సైజు కొలవడానికి కామారెడ్డిలో మామూలు స్కానింగ్ చాలు. పొట్టలో మంట సంగతి మాత్రం ఇంకా అలాగే ఉంది, దానికి ఎండోస్కోపీ చేయించుకోవాలి.